గట్టు తూకం, షెడ్డు తూకం

"మీ సారు పొద్దున్నే వెళ్ళిపోయారమ్మా. మీకు చెప్పకుండా ఎలా ఉంటాను?" భీమడోలు నుంచి సారు భార్య ఫోన్లో అన్న మాటలివి. సారు పోయారని నాకు అలా తెలిసింది.

వట్లూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ల్యాబ్ ఇన్‌ఛార్జి. నా మొదటి ఉద్యోగం ఆయన కిందే. ఆయన పుట్టింది కొల్లేరులో, చేపల చెరువుల మీద బతికే ఇంట్లో. రోజూ భీమడోలులో ప్యాసింజర్ ఎక్కి వచ్చేవారు. ఎవరినైనా మీరనే అనేవారు. హ్యాంగైన కంప్యూటర్ని కూడా "ఏవండీ, కాస్త లేవండి" అని బతిమాలడం నా చెవులతో విన్నాను. నాకేమో నోరూ దురుసే, చెయ్యీ తొందరే.

పెన్ డ్రైవులు ఇంకా అందరి దగ్గరా లేని రోజులు. ఒక సోమవారం బయటి కంపెనీ వాళ్ళు వచ్చి మా పిల్లలకు కంప్యూటర్ల మీద ఉద్యోగ పరీక్ష పెడతామన్నారు. అందరూ ఒకేసారి లాగిన్ అయితే ల్యాబులోని స్విచ్, అంటే కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, ఆగిపోతోంది. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కిస్తే సరిపోతుందని తెలిసింది. ఆదివారం ఆ పని నాకు అప్పగించారు. నాది తాత్కాలిక ఉద్యోగం. ఇది చెడితే పిల్లల పరీక్షతో పాటు నా ఉద్యోగమూ గోవిందా.

ఆ ఫర్మ్‌వేర్ ఫైలు నా కంప్యూటర్ నుంచి స్విచ్‌కి మూడుసార్లు పంపాను. మూడుసార్లూ "ఇమేజ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్", అంటే ఫైలు తనిఖీలో తప్పింది, అంది స్విచ్. తనిఖీ లేకుండా ఎక్కించే కమాండ్ ఒకటుంది. పాడైన ఫైలు అలా ఎక్కితే స్విచ్ మళ్ళీ లేవదు, మా దగ్గర ఇంకోటి లేదు. అయినా నా వేలు అటే లాగుతోంది.

"స్విచ్ ముసలిదైపోయిందండీ, ఊరికే గునుస్తోంది. తనిఖీ తీసేద్దాం" అన్నాను సారుతో.

"రెండు తూకాలూ చూశారా అమ్మా?"

చెరువు గట్టు మీద ఒకసారి కాటా వేస్తారు, ఐస్ షెడ్డు దగ్గర మళ్ళీ వేస్తారు. రెండూ కలిస్తేనే చేప లారీ ఎక్కుతుంది. ఆయన లెక్కలో, తయారుచేసినవాళ్ళు చెప్పిన ఫైలు సైజు గట్టు తూకం, స్విచ్‌లోకి చేరాక కనిపించేది షెడ్డు తూకం.

"చూశానండీ" అన్నాను. చూడలేదు.

"అయితే ఓ కాగితం మీద రాసిచ్చేయండి."

గట్టు అని రాసి, తయారుచేసినవాళ్ళ వివరాల ప్రింటవుట్ చూసి అంకె వేశాను. షెడ్డు అని రాసి, పైనున్న అంకెనే దించేశాను.

ఆయన ఆ కాగితం పట్టుకుని స్క్రీన్ ముందు కూర్చుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివారు. కలవలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇది కొట్టేసి, ఉన్నది రాయండమ్మా" అన్నారు. "స్విచ్ తప్పేం లేదండీ. గుమ్మంలో నిలబడి సరుకు బాగాలేదంటోంది. దార్లో ఎక్కడ మారిందో చూద్దాం."

వెనక్కి వెళ్ళాం. నా కంప్యూటర్లో ఉన్న ఫైలు సైజు తప్పు. నేను దాన్ని తెచ్చుకున్న సర్వర్లో మాత్రం సరిగ్గానే ఉంది. తెచ్చుకునేటప్పుడు అది బైనరీ, అంటే మామూలు రాత కాని ఫైలు, అని చెప్పడం మరిచాను. ఆ మాట చెప్పకపోతే ఫైలు తెచ్చే ప్రోగ్రాం దాన్ని మామూలు రాత అనుకుని, లైను చివరి గుర్తులు తన ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. బైనరీ అని చెప్పి మళ్ళీ తెచ్చి పంపాను. ఈసారి స్విచ్ ఒప్పుకుంది. కాగితం అడుగున సరైన షెడ్డు తూకం రాయించుకుని, ఆయన క్యారేజీ విప్పారు.

"ఇక పులుసు తినచ్చండీ."

మర్నాడు పరీక్ష సాఫీగా సాగింది. అంతసేపు ఎందుకు పట్టిందని ప్రిన్సిపాల్ అడిగితే, "నేనే మళ్ళీ తూకం వేయించానండీ" అన్నారు. నా అబద్ధం సంగతి నా దగ్గర కూడా ఎన్నడూ ఎత్తలేదు. చూడనిదాన్ని చూశానని మళ్ళీ నేను ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఎంత పెద్ద నెట్‌వర్క్ చేతికిచ్చినా బెదరను. ఆ ధైర్యం ఆయన పెట్టిందే.

పెద్దకర్మకు వెళ్ళి వస్తూ వట్లూరులో దిగి మా పాత ల్యాబుకు వెళ్ళాను. పాత స్విచ్ ఎప్పుడో పోయింది. అది ఉన్న ఇనప పెట్టె తలుపు లోపల కాగితాలు వరసగా అంటించి ఉన్నాయి. రకరకాల చేతిరాతలు, అన్నిటి మీదా గట్టు, షెడ్డు. ఎందుకలా రాస్తారని అక్కడ పనిచేసే ఆవిణ్ణి అడిగాను.

"ఏమోనండీ, సారు పెట్టిన పద్ధతి. రాయకపోతే ఎక్కించనిచ్చేవారు కాదు."

అన్నిటికన్నా పైన, టేపు పసుపెక్కిపోయి, నా కాగితం. అదొక్కటే మధ్యలో మడత పెట్టి అంటించి ఉంది. పైన గట్టు తూకం, కింద సరైన షెడ్డు తూకం మాత్రమే కనిపిస్తున్నాయి. కొట్టేసిన అంకె ఆ మడత లోపల ఉంది.