ఒక్క సీటు బండి

గుణశేఖర్ ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడుపుతాడు. అతని పాతికేళ్ల నాటి క్రూయిజర్ మోటార్‌సైకిల్‌ని గాజువాక మెకానిక్ వరహాలు మూడు నెలలు తిప్పలు పడి రేసు బండిలా ఉండే కేఫ్ రేసర్‌గా మార్చాడు. ఎత్తు హ్యాండిల్ తీసేసి కిందికి వంగినది బిగించాడు, వెనక సీటు కోసి పారేశాడు. ఎదురైన ప్రతివాడితోనూ గుణశేఖర్‌ది ఒకటే మాట: "నా బండి!"

శనివారం పొద్దున్నే బండికి పూజ చేయించడానికి సింహాచలం బయలుదేరాడు. భార్య రోజారమణి కొబ్బరికాయలు, నిమ్మకాయల సంచితో వచ్చి బండి వెనక భాగం చూసింది.

"నానెక్కడ కూకోవాలి?"

గుణశేఖర్ సీటు కోసేసిన చోటు వంకే చూశాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆవిడ లేకుండా కొండకు వెళ్లింది లేదు. అయినా కొలతలన్నీ తన ఒక్కడికే చూసుకున్నాడు మహానుభావుడు.

"ఏటలా సూత్తన్నావ్? తాళాలియ్యి. నాను పెట్రోలు కొట్టించుకొని వత్తాను, నువ్వు బస్సెక్కు. కాయలు జాగర్త!"

చున్నీ నడుముకు బిగించి ఎక్కేసింది. ఉక్కునగరం ఖాళీ రోడ్ల మీద ఆవిడకు బండి నేర్పింది అతనే మరి.

ఒళ్లో సంచి పెట్టుకుని బస్సులో ఉడుక్కుంటూ కూర్చున్నాడు. గోపాలపట్నం దగ్గర బండి గుడగుడమంటూ బస్సును దాటేసింది. పక్కసీటాయన కిటికీలోంచి తొంగిచూసి, "అబ్బ, ఏం బండి బావా!" అన్నాడు.

గుణశేఖర్ లేచి నిలబడిపోయాడు.

"బండి సంగతి ఒగ్గెయ్ బావా, నడిపే మనిషిని సూడు. మా ఆవిడ!"