మా వీధిలో నడిచే చోటు

రాజమండ్రి ఊరి చివర, ఒకప్పుడు వరి పొలాలుండే చోట వేసిన కాలనీలో ఉంటుంది మా ఇల్లు. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఇల్లు కట్టుకున్న కొత్తలో మా వీధిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టుమని పది బళ్ళు తిరిగేవి కావు. ఆడవాళ్ళు వీధి మధ్యలోనే నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. తర్వాత మా వెనకవైపు బైపాస్ రోడ్డు పడింది. మెయిన్ రోడ్డు నుంచి బైపాస్ ఎక్కడానికి మా వీధిలోంచి పోతే రెండు సిగ్నళ్ళు తప్పించుకోవచ్చని ఎవరో కనిపెట్టారు. ఆ సంగతి ఊరందరికీ తెలియడానికి నెల కూడా పట్టలేదు.

నేను కారు కొన్నది కూడా ఆ రోజుల్లోనే. ఇంటికి పోర్టికో ఉండేది గానీ, అప్పటికే దానికి గోడ కట్టేసి గది చేసుకున్నాం. మా ఆవిడ అందులో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లు కుట్టేది. అందుకని కారు గేటు ముందు, డ్రైను పలకలకి ఆనించి రోడ్డు మీదే పెట్టేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు. ఒకరు కారు పెడితే ఇంకొకరు రోడ్డు మీదికి ర్యాంపు కట్టారు, మరొకరు పూలమొక్కలకని నాలుగు అడుగులు కంచె వేశారు. అందరం అదే చేస్తున్నాం కాబట్టి అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

మా వీధికి చేపలమ్మే మామ్మ ఒకావిడ వచ్చేది. గోదావరి గట్టు దగ్గర వాళ్ళ పేట. అరవై దాటిన మనిషి. సత్తు బేసిను నెత్తిన పెట్టుకుని, చెయ్యి పట్టకుండా నడిచేది. "శీలావతులండీ, బొచ్చెలండీ" అని ఆవిడ కేక వినిపించిందంటే ఎనిమిది కావస్తోందని, నేను స్కూలుకి బయల్దేరాలని లెక్క.

ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూండగా ఆ కేక సగంలో ఆగిపోయింది. వెంటనే బేసిను రోడ్డు మీద దొర్లిన చప్పుడు. బయటికి పరిగెత్తాను. మా కారు పక్కన, వీధికి నడిమధ్యలో ఆవిడ పడి ఉంది. చేపలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మోటారు సైకిలు ఒకటి పక్కకి పడిపోయి ఉంది. ముప్ఫయ్యేళ్ళాయన, ఆఫీసుకి వెళ్తున్నట్టున్నాడు, మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం కారుతున్నా తన సంగతి మర్చిపోయి ఆవిణ్ణి లేపబోతున్నాడు.

"నేను స్పీడుగా రాలేదండి, ఒట్టు. ఆవిడ ఈ కారు చాటునుంచి ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చేశారండి," అన్నాడు నన్ను చూసి. ఆ కారు నాదని అతనికి అప్పటికి తెలియదు.

ఇద్దరం కలిసి మామ్మని అదే కారులో వెనక సీట్లో పడుకోబెట్టాం. "చేపలు బాబూ, నా చేపలు," అంటోందే తప్ప కాలు నొప్పి అనడం లేదు. మా ఆవిడ అప్పటికే కొంగు దోపుకుని రోడ్డు మీద చేపలు ఏరుతోంది. "నేను ఐసులో పెడతాను మామ్మా. మీ అబ్బాయి వచ్చి పట్టికెళ్తాడులే, నువ్వెళ్ళు," అంది. ఆసుపత్రిలో తుంటి కింద ఎముక విరిగిందన్నారు. మామ్మ కొడుకు వచ్చేదాకా ఆ మోటారు సైకిలాయన నాతోపాటే బెంచీ మీద కూర్చున్నాడు. కారు అక్కడ పెట్టడం నా తప్పేనని నేను అతనితో చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి కారు దగ్గర నిలబడ్డాను. మామ్మ వచ్చే వైపు నుంచి నాలుగు ఇళ్ళ దూరం వెనక్కి వెళ్ళి, నెత్తిన బరువున్నట్టు తల కదపకుండా నడిచి చూశాను. కారు దగ్గరికొచ్చేసరికి గోడకీ కారుకీ మధ్య మనిషి దూరేంత సందు లేదు. రోడ్డు మధ్యలోకి అడుగెయ్యక తప్పలేదు. అలా అడుగేసే ముందు వెనక నుంచి ఏం వస్తోందో చూడాలంటే తల తిప్పాలి. తల తిప్పితే బేసిను పడుతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో అన్నాను, పోర్టికో గోడ తీసేద్దామని.

"మరి నా మిషను?"

"ముందు గదిలో పెట్టుకో."

"ముందు గదిలో మీ పేపర్లు దిద్దుకునే బల్ల ఉంది కదండీ."

"బల్ల పడగ్గదిలోకి తీసుకెళ్తాను."

ఆవిడ నా కంచంలో మజ్జిగ పోసింది. తర్వాత, "మామ్మ చెప్పు ఒకటి మన గేటు దగ్గరే ఉండిపోయిందండీ. పొద్దుటి నుంచి చూస్తున్నాను," అంది. ఆదివారం మేస్త్రీ వచ్చి గోడ పడగొట్టాడు. కారు లోపలికి పోయింది. ఏడెనిమిదేళ్ళుగా అలవాటైన గది పోయినందుకు ఆవిడ బాధపడిందని నాకు తెలుసు. అయినా నాతో ఒక్క మాట కూడా అనలేదు.

నా కారు ఒక్కటీ లోపలికి పోయినంత మాత్రాన వీధి మారలేదు. మా ఎదురింట్లో నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. ఉద్యోగమంతా డెల్టా కాలవల మీదే గడిపిన మనిషి, మాట కొంచెం కటువు. గోడ పడగొడుతుంటే వచ్చి నిలబడి చూశారు.

"ఏంటండీ మాస్టారూ, వాస్తు మారుస్తున్నారా?"

ఎందుకు తీసేస్తున్నానో చెప్పాను. విని ఇంట్లోకి వెళ్ళిపోయారు. నచ్చలేదేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కొలిచే టేపు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చారు.

"పదండి, వీధెంతుందో చూద్దాం. కాలవకి గట్టు తెగితే ఏమవుతుందో నాకు తెలుసు. రోడ్డుకి గట్టేదండీ? మనిషి నడిచే చోటే. అది మనం తినేశాం."

ఇద్దరం టేపు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాం. డ్రైను పలకల నుంచి మూడడుగులు నడిచేవాళ్ళకి వదలాలని ఆయన లెక్క. అక్కడ పెయింటుతో గీత గీద్దామన్నాను. మా ఆవిడ విని, "పెయింటు తర్వాతండీ, ముందు ముగ్గుపిండితో గీసి చూడండి. తప్పయితే చెరుపుకోవచ్చు," అంటూ డబ్బా తెచ్చి ఇచ్చింది. ఇంజనీరుగారు వంగలేరు, అందుకని ఆయన టేపు పట్టుకుంటే నేను గీస్తూ వెళ్ళాను. ఎక్కడ ర్యాంపు అడ్డొస్తే, ఎక్కడ బండి అడ్డొస్తే అక్కడ గీత ఆగిపోయేది. దాన్ని దాటి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే గేట్ల దగ్గరికి వచ్చి చూస్తున్నారు. గీత అన్నిటికంటే ఎక్కువ దూరం తెగిపోయింది ఇంజనీరుగారి ర్యాంపు దగ్గరే.

ఆయన అక్కడ నిలబడి టేపు రెండుసార్లు వేసి చూసుకున్నారు. మొహం ఎర్రబడింది. "ఇది నేను దగ్గరుండి కట్టించిందేనండి," అన్నారు మెల్లిగా. ఆ వారమే దాన్ని కొట్టించేసి, గేటు లోపల వాలు కట్టించుకున్నారు. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు. కొత్త వాలు నిటారుగా ఉందని ఆవిడ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదని విన్నాం.

ఇద్దరం తీసేశాక మిగతావాళ్ళని అడగడం సులువైంది. కొందరు వెంటనే తీశారు. కొందరు తీస్తాం తీస్తాం అంటూ చాలా కాలం గడిపేశారు. వీధి చివర ఖాళీ స్థలం గలాయన్ని అడిగితే, ఇల్లు కట్టేదాకా కార్లు అక్కడ పెట్టుకోండన్నాడు. ఒక్క మూలింటాయన మాత్రం, "నా ఇంటి ముందు నా వ్యాను పెట్టుకోవద్దని చెప్పడానికి మీరెవరండీ?" అన్నాడు. మేము వాదించలేదు.

అప్పుడు మేము ఒక పొరపాటు చేశాం. బళ్ళ వేగం తగ్గాలంటే స్పీడ్ బ్రేకర్ ఉండాలని అందరం అనుకున్నాం. మున్సిపాలిటీకి అర్జీ పెట్టాం గానీ, అది కదిలేదాకా ఆగే ఓపిక లేకపోయింది. ఎవరింట్లోనో పని చేస్తున్న మేస్త్రీతో సిమెంటు కలిపించి, రోడ్డుకి అడ్డంగా కట్ట వేయించేశాం. "ఎత్తుగా ఉంటేనేనండి ఆగుతారు," అన్నారు ఒకరు. ఎత్తుగానే వేయించాం. ఇంజనీరుగారు ఆ రోజు కాకినాడ వెళ్ళారు, లేకపోతే ఒప్పుకునేవారు కాదు.

మర్నాడు తెల్లవారి ఆరింటికి పెద్ద చప్పుడు వినిపించింది. పాలాయన బండి. రెండు వైపులా కట్టిన క్యాన్లలో ఒకటి ఊడి దొర్లిపోయింది. పాలు మా ఇంటి ముందు ముగ్గు మీదుగా డ్రైనులోకి పోతున్నాయి. ఆయన బండి స్టాండేసి, పోతున్న పాలకేసి చూస్తూ నిలబడ్డాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

"నేను రోజూ నెమ్మదిగానే వత్తాను కదండి మాస్టారూ," అన్నాడు.

అవును, మా వీధిలో అందరికంటే నెమ్మదిగా బండి నడిపేది ఆయనే. వేగంగా పోయేవాళ్ళు ఆ కట్టకి పక్కన, డ్రైను పలకల మీంచి, మేము మనుషుల కోసం ఖాళీ చేయించిన చోటులోంచి దూసుకుపోతున్నారు. పదింటికల్లా ఆ కట్ట పగలగొట్టించేశాం. ఇంజనీరుగారు వచ్చాక విని, నన్ను తిడతారనుకుంటే, "నేనున్నా మీరు నా మాట వినుండేవారు కాదులెండి," అని ఊరుకున్నారు.

చివరికి మున్సిపాలిటీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. అర్జీ పట్టుకుని, వీధంతా నడిచి చూసింది. మా పగిలిన కట్ట ఆనవాళ్ళు చూసి నవ్వు ఆపుకుంది. "ఎత్తు కాదు సార్, వాలు ముఖ్యం. నెమ్మదిగా వచ్చేవాళ్ళకి అసలు తెలియకూడదు," అంది. ర్యాంపులు తీసేసి ఉండటం చూసి, "చాలా వీధుల్లో ముందు ఇది చేయమంటే దెబ్బలాటకి వస్తారండి. మీరే చేసుకున్నారు, మా పని సగం తప్పింది," అంది. ఇంజనీరుగారు అది విని ఎటో చూస్తూ మీసం సవరించుకున్నారు. అయినా పని కావడానికి ఎండాకాలం గడిచి వానలు కూడా పడ్డాయి. వానలు తగ్గాక రెండుచోట్ల వెడల్పాటి స్పీడ్ బ్రేకర్లు వేసి తెల్ల చారలు గీశారు. డ్రైను వెంట మూడడుగుల చోటు సిమెంటు చేశారు. భారీ వాహనాలకి ప్రవేశం లేదని మెయిన్ రోడ్డు దగ్గర బోర్డు పెట్టారు.

ఈలోగా మామ్మని చూడటానికి రెండుమూడుసార్లు వాళ్ళ పేటకి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ కాలెలా ఉందని అడగడం, తెచ్చిన పళ్ళు ఇవ్వడం, వచ్చెయ్యడం. ఒకసారి ఆవిడ అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని వల చిక్కులు తీస్తోంది. ఎదురుగా గోదావరి మీద ఎండ మెరుస్తోంది. ఇక ఆగలేక చెప్పేశాను.

"మామ్మా, ఆ రోజు నా కారు అక్కడ లేకపోతే నువ్వు రోడ్డు మధ్యలోకి వచ్చేదానివి కాదు. తప్పు నాది."

ఆవిడ వల మీంచి తల ఎత్తలేదు. "నాకు తెలుసండి బాబూ. ఎనక ఏవొత్తందో కనపడదు గానీ, ముందేవుందో కనపడదేంటండి? రోజూ మీ కారు చుట్టూ తిరిగే ఎల్లేదాన్ని."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అంటే మీరు చేపలు కొనడం మానేత్తారేమోనండి."

ఇన్నేళ్ళూ ఆవిడ మా గేటు దగ్గర బేసిను దించి, మా ఆవిడతో బేరం ఆడి, నవ్వి వెళ్ళేది. ఆ నవ్వు వెనక ఈ భయం ఉందని నాకెప్పుడూ తోచలేదు.

"కారు లోపల పెట్టేశారంటగా. మావోడు చెప్పాడు," అంది మళ్ళీ ఆవిడే. "మంచిపని చేశారు. నా కోడలు ఇయ్యాల్టి నుంచి ఆ ఈదికే వత్తంది."

మామ్మ కాలు పూర్తిగా బాగుపడలేదు. మళ్ళీ బేసిను ఎత్తలేదు. ఇప్పుడు కోడలు వస్తోంది. ఆ సిమెంటు చోటు మీద చకచకా నడిచి పోతుంది. స్కూలు పిల్లలు కూడా అక్కడే నడుస్తున్నారు. ఇంజనీరుగారి భార్య సాయంత్రాలు ఆయన చెయ్యి పట్టుకుని ఆ చివరిదాకా వెళ్ళివస్తోంది. మూలింటాయన వ్యాను ఇప్పటికీ అక్కడే ఉంటుంది. అక్కడికొచ్చేసరికి అందరూ రోడ్డు మీదికి దిగి, దాటి, మళ్ళీ పైకెక్కుతారు. ఆయనతో నేను ఇంకా అప్పుడప్పుడు మాట్లాడుతూనే ఉన్నాను.

నాకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. ఎక్కడ కారు ఆపినా దిగి దాని చుట్టూ ఒకసారి నడిచి చూస్తాను. మొన్న ఆత్రేయపురం వెళ్ళి పూతరేకుల కొట్టు ముందు ఆపాను. చుట్టూ నడిస్తే, వెనకవైపు మనిషి పోవడానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. మళ్ళీ ఎక్కి, ముందుకి పోయి, కాలవ లాకుల దగ్గర విశాలంగా ఉన్న చోట పెట్టాను.

"ఈ ఎండలో ఇంత దూరం నడిపిస్తారా?" అంది మా ఆవిడ గొడుగు తెరుస్తూ.

"ఎంత దూరమనీ, అదిగో కొట్టు కనిపిస్తూనే ఉంది."

ఆవిడ గొడుగు నా వైపు కాస్త వంచింది. రోడ్డు వారగా ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం.