పొట్టి వరిలో మా నాన్న

ఆ దర్శకుడు మా నాన్నను సినిమాలోంచి తీసేశాడు. తీసేసినట్టు కబురు కూడా పెట్టలేదు. మా నాన్న చుట్టాలందరినీ వెంటబెట్టుకుని తణుకు వెళ్లి, టిక్కెట్టు కొనుక్కుని, తెర మీద తన కోసం తానే రెండున్నర గంటలు వెతుక్కున్నాడు.

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. బడిలో చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలూ, పొట్లాలు విప్పాక చేతిలో మిగిలే పాత పేపర్లూను. (పొట్లం కాగితాల్లో చదువుకున్నవాడికి ప్రతి విషయమూ సగంలో మొదలై సగంలో ఆగిపోతుంది. మిగతాది వాడు ధైర్యంగా కల్పించుకుంటాడు.) రైసుమిల్లులో గుమాస్తా పని. ధాన్యం తెచ్చిన రైతు బస్తాలు దించేలోపు అతని మాటల్లో రెండు తప్పులైనా దిద్ది పంపేవాణ్ని.

అప్పటికే ఆ దర్శకుడు స్వాతంత్ర్యానికి ముందు కాలం కథతో ఒక సినిమా తీసి పేరు తెచ్చుకున్నాడు. అలాంటిదే రెండోది మా ఊళ్లో మొదలుపెట్టాడు. ఆ కాలానిది కాని వస్తువు ఒక్కటి కనబడినా ఒప్పుకోడని చెప్పుకునేవారు. పాత సంగతులు తెలిసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే మా మిల్లు యజమాని నన్ను చూపించి, "వీణ్ణి తీసుకెళ్లండి. మాకూ నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. మొదటి రోజే తాటిచెట్ల వెనక కరెంటు తీగ పట్టుకున్నాను. రెండో రోజు కథానాయిక కాళ్లకున్న రబ్బరు చెప్పులు. మూడో రోజుకల్లా ఆయన నన్ను "చరిత్రగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. అది మెప్పో వెక్కిరింపో నేను ఆలోచించలేదు. (ఇప్పుడు ఆలోచిస్తే రెండూ అనిపిస్తోంది.)

నాలుగో రోజు చేను గట్టు మీద నడిచే రైతు కావలసి వచ్చాడు. మద్రాసు నుంచి తెచ్చిన నటుడు నాలుగడుగులు వేసి పక్కనున్న బోదె కాలవలో పడ్డాడు. అదే సమయానికి మా నాన్న పార భుజాన వేసుకుని, ఈ హడావుడి తప్పించుకుని పోదామని అటుగా వస్తున్నాడు. "ఆయన్ని నడవమనండి" అన్నాడు దర్శకుడు. "నడవడమే కదండీ, ఎందాకా?" అన్నాడు మా నాన్న. నడిచాడు. గట్టు చివర వెనక్కి తిరిగి, "చాలాండీ, ఇంకా నడవాలా?" అని నవ్వాడు. దర్శకుడు కెమెరా పక్కనుంచి లేచి వచ్చి మా నాన్న చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

నేను ఊరుకోవచ్చు. అందరూ టీ తాగుతుండగా వెళ్లి, "ఒక్క మాటండీ" అన్నాను.

"చెప్పండి చరిత్రగారూ."

"మీ కథ జరిగిన రోజుల్లో ఈ చేను లేదండీ."

"చేను లేకపోవడమేంటి?"

"ఇది పొట్టి వరండీ, ఈమధ్య వచ్చింది. అప్పట్లో అక్కుళ్లు, కృష్ణకాటుకలు వేసేవారు. గట్టు మీద నడిచే మనిషికి నడుం దాటి వచ్చేది. ఇది చూడండి, మోకాలి దగ్గరే ఆగిపోయింది."

"మీకెలా తెలుసు?"

"మా నాన్న చెప్పాడండీ."

ఆయన చేను వంక చూశాడు. "ఎవరూ గమనించరేమో" అన్నాడు నెమ్మదిగా. "గమనించేవాడు గమనిస్తాడండీ" అన్నాను. ఆయన అసిస్టెంటును పిలిచి ఆ షాటు కొట్టేయమని చెప్పి, నాకో మడత కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలోంచి నేను సాయంత్రందాకా లేవలేదు. మా నాన్ననిచ్చి కుర్చీ తెచ్చుకున్నానని అప్పుడు తోచలేదు.

ఇంట్లో చెబుదామనే వెళ్లాను. అప్పటికే తాను సినిమాలో పడ్డానని మా నాన్న అమ్మకు చెప్పేశాడు, అమ్మ వీధికంతా చెప్పేసింది. సినిమా వచ్చేదాకా ఏడాదిపాటు మా నాన్న వారం తప్పకుండా గడ్డం గీయించుకున్నాడు. (ఎప్పుడో తీసిన బొమ్మకు అప్పుడు గీయించుకునే గడ్డంతో ఏం పనో నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.) ట్రాక్టరు ట్రక్కులో ఇరవై మందిమి బయల్దేరాం. ఇంటర్వెల్లో మా చిన్నత్త, "ఏంటన్నయ్యా, నువ్వెక్కడ?" అంటే, "పొలం ఇంకా రాలేదు కదే" అన్నాడు. పొలం వచ్చింది, కోసేసిన మోళ్లతో. అందులో ఎవరూ నడవలేదు. శుభం పడ్డాక కూడా, ఇంకేమన్నా ఉందేమోనని ఆయన లేవలేదు. తిరిగొచ్చి ట్రక్కు దిగాక నా పక్కన నడుస్తూ, "నా నడక బాగోలేదేమోరా" అన్నాడు.

"సినిమావాళ్లంతే నాన్నా" అన్నాను. అప్పట్నుంచి ఎవరన్నా వెనకాల వస్తుంటే ఆయన ఆగి, వాళ్లను ముందు పోనిచ్చి నడిచేవాడు.

నేను మాత్రం దర్శకుడి మీద యుద్ధం ప్రకటించాను. ఆయన ఇంకో రెండు పాతకాలం సినిమాలు తీస్తే రెండింటికీ తప్పుల పట్టిక రాసి పంపాను. జవాబు లేదు. తర్వాత సినిమాలు తగ్గి, టీవీల కోసం పాటల వీడియోలు తీశాడు. వాటిని తప్పులు పట్టడానికి కూడా పనికిరానివిగా తీసిపారేశాను. టీవీలో అవి మొదలైతే చాలు, "ఇదీ ఒక పనేనా" అని ఛానెల్ మార్చేసేవాణ్ని. "ఉండనీరా, పచ్చగా బాగుంది" అన్నాడు ఒకసారి మా నాన్న. మార్చేశాను.

మా నాన్న పోయి పదేళ్లు దాటింది. ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ కూర్చునే ఉన్నాడు. ఈమధ్య ఒక పేపరు ఆ దర్శకుడు చేసిన పనంతటి మీదా పెద్ద వ్యాసం వేసింది. పాతకాలం సినిమాలకు ముప్పావు పేజీ, పాటల వీడియోలకు అడుగున ఒక్క వాక్యం. కాలం విషయంలో తానెన్నడూ తప్పు చేయలేదని ఆయన అన్నాడట. ఒళ్లు మండి కాగితం తీశాను. మా నాన్నను తీసేశారు అని మొదలుపెట్టాను. రెండో పేజీకొచ్చేసరికి కోపం అయిపోయింది, కాగితం మిగిలిపోయింది. అప్పుడు రాశాను, తీయించింది నేనేనని. చివర ఒక్కటే అడిగాను, మా నాన్న నడకలో తప్పేమన్నా ఉందా అని.

ఈసారి జవాబు వచ్చింది. మొదటి వాక్యాలకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మిగతాది మాత్రం ఆ మడత కుర్చీలో కూర్చున్న కుర్రాణ్ని లేపి, ఎదురుగా నిలబెట్టి, పైకి చదివి వినిపించాలని ఉంటుంది.

"చరిత్రగారికి నమస్కారం. మీ తప్పుల పట్టికలన్నీ అందాయి. చాలావరకు నిజమే కాబట్టి జవాబు రాయలేకపోయాను. మీ నాన్నగారి ముక్కను పారేయడానికి నాకు చేతులు రాలేదు. నేను తీసినవాటన్నిటిలో నేర్పకుండా దొరికిన నడక అదొక్కటే. పాటలో వరి ఎంత ఎత్తుందని అడిగేవాళ్లుండరు కాబట్టి, తర్వాత ఒక వీడియోలో పెట్టాను. నవ్వు కూడా ఉంచాను. టీవీలో రెండేళ్లపాటు రోజూ వచ్చేది. మీ నాన్నగారు చూసుకునే ఉంటారనుకున్నాను."