కడగని కల్వం

కినుయె సేతో అనే కుమ్మరుల ఊళ్లో, కుండలు కాల్చే ఇంట పుట్టింది. ఆ ఇళ్లలో మిగిలిన పూతను కడిగి పారబోయరు, వేలితో తుడిచి మళ్లీ పాత్రలోనే వేస్తారు. ముప్పై నాలుగేళ్ల వయసులో టోక్యోలో ఒక స్ఫటికాల పరిశోధనశాలలో కొలిమి చూసుకునే పనికి కుదిరినా ఆ అలవాటు పోలేదు. కీడు తగలకుండా కొలిమి ముందు చిటికెడు ఉప్పు పెట్టందే మీట నొక్కేది కాదు.

"కినుయెసాన్, ఆ ఉప్పు నా బిళ్లల్లో పడితే?" అనేవాడు అక్కడి పరిశోధకుడు హతనాక, పేరుకు మర్యాదగా 'సాన్' తగిలించి.

"కాస్త రుచొస్తుంది. ఎలాగూ చప్పగానే ఉన్నాయిగా!"

ఆమెకు అతనంటే ప్రాణం. ఈ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు.

అతను పని చేసేది సీసం, జిర్కోనియం కలిపి కాల్చిన తెల్ల బిళ్లల మీద. ఒకరోజు సోయా గింజలు బల్ల మీద పేర్చి చెప్పాడు.

"ఈ వరసలో అణువులు కాస్త ఎడమకి జరుగుతాయి, పక్క వరసలోవి కుడికి. దాంతో బయటికేమీ కనపడదు. విద్యుత్తుతో గట్టిగా లాగితే అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. వదిలేస్తే మళ్లీ దేని దారి దానిదే. అదే బేరియం బిళ్ల అయితే, ఒకసారి తిరిగాక వదిలేసినా అలాగే ఉంటుంది."

"వదిలేసినా ఉంటుందా?" అంది కినుయె. ఆమె అడిగింది అణువుల గురించి కాదు. అది గ్రహించే తెలివి అతనికెక్కడిది!

అక్టోబరులో ఒక ఉదయం, విద్యుత్తు పెట్టి పరీక్షిస్తుంటే సీసం బిళ్ల తెర మీద రెండు చివర్లా రెండు చిన్న వలయాలు గీయాల్సింది పోయి, బేరియం బిళ్లలాగా మధ్యన ఒకటే లావుపాటి వలయం గీసింది. అంటే, వదిలేసినా తిరిగిన వైపే ఉండిపోయింది. హతనాక గంతులేశాడు. సెందాయ్ నగరంలో జరగబోయే శాస్త్రవేత్తల సభలో దీన్ని చూపిస్తే అక్కడి ఉద్యోగం అతనిదే.

కినుయెకి అసలు సంగతి అర్థమైంది. ముందురోజు బేరియం నూరిన కల్వాన్ని ఆమె కడగలేదు. అందులోనే సీసం నూరింది. చెబితే సభ లేదు, ఉద్యోగం లేదు, అతను ఇక్కడే ఉంటాడు. చెప్పకపోతే వెళ్లిపోతాడు, రేపెవరో తప్పు పట్టుకుంటే తల దించుకుంటాడు. చెప్పి తీరాలి. కానీ ఆ ఆత్రంలో సగం స్వార్థమేనని తనకు తెలుసు. అందుకే రెండు రోజులు నోరు పెగల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అతను అన్నం ముద్ద తింటుంటే చెప్పేసింది.

"అది మీ సీసం చేసింది కాదు, హతనాకసాన్. నేను కల్వం కడగలేదు. అందులో బేరియం ఉంది. తిట్టండి."

అతను ముద్ద కింద పెట్టాడు. "ఎంత ఉంటుంది?"

"ఏమో, ఓ చెంచాడు."

"చెంచాడికే వరసలన్నీ ఒకే వైపు తిరిగాయా? అయ్యో కినుయెసాన్, ఇది ఇంకా పెద్ద సంగతి! ఈసారి తూచి కలపండి. నూటికి ఐదు, పది, పదిహేను!"

రెండు వారాలు ఆమే నూరింది, ఆమే కాల్చింది. ఒక్కసారి కల్వం కడక్కుండా వదిలితే లెక్కలన్నీ తారుమారై అతను ఉండిపోయేవాడు. అదీ చేతకాలేదు పిచ్చిదానికి. ప్రతిసారీ మూడు నీళ్లు పోసి కడిగింది. బిళ్లలన్నీ చక్కగా కుదిరాయి.

సెందాయ్ ఉద్యోగం అతనికే వచ్చింది. డిసెంబరులో టోక్యోలోని ఉయెనో స్టేషన్‌లో రైలెక్కే ముందు అతను నడుం దాకా వంగి నమస్కరించాడు.

"అంతా మీ చలవే. సెందాయ్ నుంచి ఏం పంపమంటారు? మొహమాటపడకుండా చెప్పండి."

కల్వం సంగతి మూడు రోజులు కూడా దాచలేని మనిషి, "నాకేమీ వద్దండీ" అంది.

అతను నమ్మేశాడు.