నాయనమ్మ కొప్పు మీద నల్ల సీతాకోకచిలుక

నా చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కింటి అక్కను రోజుకు రెండుసార్లు తలుచుకునేది. పొద్దున కల్యమాకు కోసం, సాయంత్రం తిట్టడం కోసం. కరివేపాకును మా కాజీపేటలో కల్యమాకు అంటాం. మా వాడకట్టు మొత్తానికి ఆ చెట్టు అక్క వాకిట్లోనే ఉండేది. ఆమె చెట్టు ఆకు మా పులుసులో పడితే కమ్మదనం, ఆమె నీడ మా గడపలో పడితే కీడు. ఈ లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆరో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కాబట్టి ఇప్పటికీ అర్థం కాకపోయినా ఎవరూ ఏమీ అనరు.

ఆ పక్కిల్లు కూడా మా నాయనమ్మదే, ఒంటి గది; అక్క అందులో అద్దెకుండేది. రైలింజనులో బొగ్గు వేసే భర్త చనిపోయాక జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా బతికేది. గది ముందున్న కాస్త జాగాలో నూరువరహాలు, మందారం, లాంటానా పొదలు పెంచింది. వానలు వెనకబట్టగానే వాటి తేనె కోసం సీతాకోకచిలుకలు దిగేవి. పసుపువో తెల్లవో అయితే ఎవరికీ పేచీ ఉండేది కాదు. ఆమె వాకిట్లోకి వచ్చేవి నల్లవి. అరచేతి వెడల్పు రెక్కలు, వాటి మీద నెత్తురు చుక్కల్లాంటి మచ్చలు. పువ్వు మీద ఉన్నప్పుడు కూడా ఆ రెక్కలు ఆగేవి కావు, వణుకుతూనే ఉండేవి. అక్క చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆమె తల చుట్టూ తిరిగేవి. అన్ని రెక్కలు ఆడుతున్నా చిన్న చప్పుడైనా వినిపించేది కాదు. నాకు రెక్కలంటే కాదు, ఆ చప్పుడు లేకపోవడమంటేనే భయం.

కల్యమాకు చెట్టు ఇంకా ఘోరం. ఒకనాడు రెమ్మ తెంపబోతే ఆకుపచ్చటి తల ఒకటి లేచింది. పాము తలలా వెడల్పు, దాని మీద కళ్లలాంటి గుర్తులు. చూస్తుండగానే నెత్తిలోంచి రెండు ఎర్ర కొమ్ములు బయటికొచ్చాయి, వాటితో పాటు ఒక ఘాటైన వాసన. నేను కేక పెట్టి వెనక్కి పడ్డాను. అక్క విరగబడి నవ్వింది.

"పురుగురా అది. నీ లెక్కనే, ఉత్తగ బెదిరిస్తది. కొన్నొద్దులైతే రెక్కలొస్తయి దానికి."

నేను నమ్మలేదు. కొమ్ములున్నదానికి రెక్కలెట్లా వస్తాయి?

ఆ కార్తీకంలో ఎదురింటి పసిపాపకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోయినా వెంటనే దిగలేదు. ఆడవాళ్ల నోట బాణామతి అన్న మాట మొదలైంది. అక్క చేతబడి చేసి నల్లవాటిని పంపుతోందన్నారు. మా నాయనమ్మ ఆదివారం చర్చిలో సైతానును తరిమేసి వచ్చిన మనిషే, సోమవారానికల్లా దాన్ని అక్క గదిలో వెతకడం మొదలుపెట్టింది. చివరికి ఒక పొద్దున అక్కను పిలిచి, "పొద్దుగూకేలోపల ఇల్లు ఖాలీ చెయ్యి బిడ్డా. నాకు నీ మీద కోపం లేదు, భయమున్నది," అంది. అక్క తల దించుకుని పోయింది. ఒంటరి ఆడమనిషి, పైగా ఆ పేరు మోసుకుని పోతే, కాజీపేటలో ఇంకెవరు గది ఇస్తారు?

నాకు మాత్రం ఇంకో భయం ఉంది. మా వంటింటి గూట్లో నాయనమ్మ కల్యమాకు కొమ్మలు వాడిపోకుండా చెంబు నీళ్లలో నిలబెట్టేది. ఆ చెంబు వెనక, పుల్లకు అతుక్కుని ఎండుటాకు ఒకటి కొన్నాళ్లుగా ఉంది. గాలి లేకున్నా అది కదలడం నేను చూశాను. చెబితే నాకూ దయ్యం పట్టిందంటారని నోరు మూసుకున్నాను.

ఆ రోజే అక్క పొదలు నరకడానికి ఆడవాళ్లు మా వాకిట్లో చేరారు. ఒకామె చేతిలో గొడ్డలి. నాయనమ్మ పోపు పెట్టి బయటికొచ్చింది. ఆమె వెనకే, వంటింటి పొగలోంచి, నల్లటిదొకటి తేలుతూ వచ్చి ఆమె తెల్లటి కొప్పు మీద వాలింది.

అప్పటిదాకా నాయనమ్మ భుజం రాసుకుని నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. "ఏందవ్వా, నీ ఇంట్లకెల్లి వచ్చె," అని గొడ్డలి పట్టుకున్నామె గొణిగింది. నాయనమ్మ ముఖం ఆ క్షణంలో నాకింకా గుర్తుంది. తను అన్న మాటలన్నీ తిరిగి తన మీదికే వస్తున్నాయని ఆమెకు తెలిసిపోయింది.

అక్క తన గదిలోంచి వచ్చింది. దారిలో నూరువరహాల గుత్తి ఒకటి తుంచుకుంది. "కదలకు పెద్దమ్మా. జర ఊపిరి బట్టు," అని ఆ గుత్తిని కొప్పు దగ్గర పట్టింది. నల్ల రెక్కలు మెల్లగా పువ్వు మీదికి మారాయి. అక్క ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇది నాదే. నా వెంబడి వచ్చింది. పెద్దమ్మకేం సంబంధం లేదు," అంది.

ఆ మాటతో బాణామతిని తనే ఒప్పుకున్నట్టయింది. ఊరికే నిలబడి చూసుంటే చాలు, అందరి వేళ్లూ నాయనమ్మ మీదికి తిరిగేవి.

నాయనమ్మ లోపలికి పోయింది. గూట్లో చెంబు జరిపిన చప్పుడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె అరచేతిలో నా ఎండుటాకు ఉంది. ఆకు కాదది, పురుగు కట్టుకున్న గూడు; వీపు చీలిన ఉత్త డొల్ల.

"ఈమె పంపలే. నా చెంబు ఎనుక పుట్టింది, నా పోపు వాసన పీల్చి పెరిగింది. ఏం జేస్తరో నన్ను జెయ్యుండ్రి," అంది. గొడ్డలి ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పాప జ్వరం దవాఖాన మందుకే, దాని తీరుబడిని బట్టి దిగింది.

ఇల్లు ఖాళీ చేయవద్దని నాయనమ్మ నోటితో చెప్పలేదు, అంత సులువుగా వంగే మనిషి కాదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కల్యమాకుకు పోయింది, అంతే. కాకపోతే ప్రతి రెమ్మనూ తిప్పి చూసి, పురుగున్నదాన్ని చెట్టుకే వదిలేసి వచ్చింది. ఆ సాయంత్రం తిట్లు వినిపించలేదు. నాకు నిద్ర పట్టడం కష్టమైంది.

ఇప్పుడు మా డాబా మీద పాత డ్రమ్ముల్లో నూరువరహాలు, వాటి పక్కన కల్యమాకు పెంచుతున్నాను. సగం ఆకు పురుగులకే పోతుంది, మా ఆవిడ సణుగుడు నాకు మిగులుతుంది. ఎవరైనా ఇంటికొచ్చి, ఫలానా ఆమె మంచిది కాదట అని మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి పోతాను. నీళ్లు తేవడానికి అనుకుంటారు. నేను కల్యమాకు కొమ్మలు నిలబెట్టిన చెంబు వెనక చూసి వస్తాను.

ఒక్కోసారి అక్కడ ఎండుటాకు ఒకటి ఉంటుంది. గాలి లేకున్నా కదులుతుంది.