మూత లోపలి సిలువ

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది, వేసవి చివర. ఉప్పల్ రోడ్డు పొడవునా మెట్రో స్తంభాలు లేచాయి కానీ వాటి మీద ఇంకా రైలు లేదు. నాచారంలో, మా ప్రార్థనా మందిరం వెనక సందులో నాకు షాపు ఉండేది. బోర్డు మీద ‘కాఫిన్ వర్క్స్’ అని ఎంత పెద్దగా రాయించినా అందరికీ అది పెట్టెల షాపే. చనిపోయినవాళ్లను పడుకోబెట్టే పెట్టెలు.

ఇప్పుడు పెట్టెలు తయారై లారీల్లో వస్తున్నాయి. అప్పట్లో మనిషి మనిషికీ కొలత తీసుకునేవాణ్ని. పొడవుకు మూడంగుళాలు కలపాలి. భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. ప్లైవుడ్ కోసి, అంచులకు బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ కొట్టి, లోపల తెల్లగుడ్డతో లైనింగ్ వేసేవాణ్ని. అన్నిటికన్నా చివర, మూత మీద సిలువ. దాన్ని టేకు ముక్కతో నేనే చెక్కేవాణ్ని. బిగించేటప్పుడు ఆ కుటుంబం కోసం ప్రార్థన చేసుకోవడం మా నాన్న నేర్పిన అలవాటు. ఆ షాపులో టేకు పొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

ఆ రోజు పొద్దున్నే కబురు వచ్చింది. మా సంఘంలోని ప్రభుదాసు గుండెపోటుతో పోయాడు. నలభై రెండేళ్లు. నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టర్. పుట్టింది జనగామ వైపు పల్లెలో, ఇంట్లో పెట్టిన పేరు మల్లేశం. బాప్తిస్మం తీసుకున్నాక ప్రభుదాసు అయ్యాడు. భార్య రత్నకుమారిది కృష్ణా జిల్లా. ఒక్కతే కూతురు.

పెట్టె తీసుకుని ఉప్పల్‌లో వాళ్ల ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం. గుమ్మం ముందు ఫ్రీజర్ బాక్స్‌లో ప్రభుదాసు ఉన్నాడు. పల్లె నుంచి డీసీఎం వ్యానులో ఇరవై మంది వచ్చారు. వాళ్లకు పెద్ద రాజయ్య, చనిపోయినాయన అన్న. తండ్రి లేని తమ్ముణ్ని భుజం మీద మోసి పెంచినవాడు. తమ్ముడు మతం మారాక మొదటి ఆరేళ్లు మాట్లాడలేదు.

పూడ్చడం మీద పేచీ రాలేదు. “మా దాంట్ల గూడ పూడ్సుడే” అన్నాడు రాజయ్య. గొడవ నేను పెట్టె దింపాక మొదలైంది.

“అన్నా, గా మూత మీదిది తీసెయ్యి” అన్నాడు నాతో.

“సిలువా? అది తీయడం కుదరదు.”

“ప్రభుదాసు ఎవడు? మా ఇంట్ల పుట్టింది మల్లేశం. గది పెడితె నేను భుజం పెట్ట. మావోళ్లు ఎవ్వలు పెట్టరు. ఊళ్లె నా మొకం ఏడ వెట్టుకోవాలె?”

రత్నకుమారి లేచి వచ్చింది. “బావగారూ, పదేళ్లు ఆయన మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నారు. అది లేకుండా ఎట్లా పంపిస్తానండీ? మీరు మోయకపోతే సంఘం వాళ్లు మోస్తారు.”

“మొయ్యనియ్యి. రాష్ట్రం పంచుకున్నట్టు మనిషిని గూడ పంచుకుందాం. నీకు పెట్టె, మాకు ఏడుపు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రాజయ్య మనుషులు వ్యాను వైపు కదిలారు. మంచమ్మీద కూర్చున్న కూతురు “పెద్దనాన్న పోతున్నడా అమ్మా?” అంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ వ్యాను కదిలితే ఆ పిల్లకు తండ్రితో పాటు తండ్రి తరఫువాళ్లందరూ అదే రోజు పోతారని.

అయినా నేను మెత్తబడలేదు. “సిలువ లేని పెట్టె నా షాపులోంచి పోదు” అన్నాను, అందరికీ వినబడేటట్టు. మా సంఘంలో రాజీ అనేది మంచి మాట కాదు. ఆదివారం బడి నుంచి ఉపవాస కూటాల దాకా నేను విన్నది ఒకటే, లోకంతో రాజీ పడొద్దు. నేను సంఘ పెద్దను కూడా. పెద్ద విశ్వాసిలా నిలబడ్డానని లోపల కొంచెం గర్వంగానే ఉంది.

మా పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అంటాం, నన్ను పక్కకు తీసుకెళ్లారు. ఆ రోజుల్లో హైదరాబాదు పదేళ్లపాటు రెండు రాష్ట్రాలకూ రాజధాని అన్న ఒప్పందాన్ని టీ కొట్టు దగ్గర ఇటువాళ్లూ అటువాళ్లూ తిట్టేవాళ్లు. “ఇద్దరూ తిడుతున్నారంటే ఒప్పందం సరిగ్గానే కుదిరిందన్నమాట” అని నవ్విన మనిషి ఆయన. ఆ రోజు నవ్వలేదు.

“సిలువ ఎవరి కోసం పెడుతున్నావు? ప్రభుదాసు కోసమా, రోడ్డు మీద జనం కోసమా?”

పెట్టె దగ్గరికి వచ్చి మూత తీసి గోడకు ఆనించాను. స్క్రూడ్రైవర్‌తో సిలువ విప్పాను. రత్నకుమారి “అన్నయ్యా!” అని ఒక్క కేక వేసింది. మూత తిరగేశాను. లైనింగ్ కుట్టు విప్పి, లోపలి వైపు, సరిగ్గా మొహానికి ఎదురుగా వచ్చేచోట సిలువ బిగించాను. ఎప్పటిలాగే ప్రార్థన చేసుకున్నాను, ఈసారి నా కోసం కూడా. పైన మిగిలిన బెజ్జాలను బంకలో కలిపిన రంపపు పొట్టుతో పూడ్చాను.

రత్నకుమారి మూత లోపలికి వంగి చూసింది. “ఆయనకు కనబడుతుంది. చాలు” అంది.

రాజయ్య మూత పైన చెయ్యి వేసి, పూడ్చిన బెజ్జాల మీద వేలు తిప్పాడు. “లోపట ఏమున్నా నాకెందుకు, నేను మోసేది బయట” అన్నాడు. మళ్లీ, “ఒక్కటి. దింపుడు కల్లం కాడ ఆపాలె. వాని చెవుల పిలువాలె” అన్నాడు.

దారి మధ్యలో పాడె దించి, చనిపోయినవాణ్ని పేరు పెట్టి మూడుసార్లు పిలిచే ఆచారం అది. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడని. మా సంఘం వాళ్లు గొణిగారు. అయ్యగారే అన్నారు, “నాలుగు రోజులు సమాధిలో ఉన్నవాణ్ని ప్రభువు పేరు పెట్టి పిలిస్తే లేచి వచ్చిన సంగతి ప్రతి భూస్థాపనలో చదువుకుంటాం. పిలవడం మనకు కొత్తా?”

ప్రభుదాసును పెట్టెలో పడుకోబెట్టి మూత బిగించాను. రాజయ్య ముందు భుజం పట్టాడు. వాళ్లు డప్పు కొట్టినంతసేపు మేము పాట ఆపాం, మేము పాడినంతసేపు వాళ్లు డప్పు ఆపారు. మెయిన్ రోడ్డు మీద, సమాధుల తోటకు వెళ్లే వ్యాను ఎక్కించే ముందు, ఒక మెట్రో స్తంభం నీడలో పెట్టె దించాం. నాలుగు స్క్రూలు విప్పాను. నా పనిలో ఒకసారి బిగించిన మూత మళ్లీ తెరిచింది ఆ ఒక్కరోజే.

మూత ఎత్తి పట్టుకున్నాను. సిలువ రాజయ్యకు ఎదురుగా ఉంది. ఆయన దాన్ని చూశాడు. వంగి తమ్ముడి చెవి దగ్గర నోరు పెట్టాడు.

“మల్లేశా!”

బస్సుల మోత.

“మల్లేశా! నేనురా, అన్నను!”

మూడోసారి నోరు తెరిచి ఆగాడు. తలెత్తి మళ్లీ మూత వైపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, అలవాటు లేని మాటను కూడబలుక్కున్నట్టు, “ప్రభుదాసూ” అన్నాడు.

రత్నకుమారి అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. రాజయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. “లే బిడ్డా. పొల్లకు నేనున్న” అన్నాడు.

ఉన్నాడు కూడా. ఆ పిల్ల పెళ్లి దగ్గరుండి చేశాడు. ఏటా ఈస్టర్ పొద్దున మా సమాధుల తోటకు బంతిపూలతో వస్తాడు. ప్రార్థనలో కూర్చోడు, గేటు దగ్గర బీడీ కాల్చుకుంటాడు. మొన్న కూడా అడిగాడు, “అన్నా, లోపట అది అట్లనే ఉంటదా?”

“టేకు. అంత తొందరగా పోదు” అన్నాను.

షాపు మూసేసి చాలా కాలమైంది. మెట్రోలో ఉప్పల్ మీదుగా వెళ్లినప్పుడల్లా కింద ఆ స్తంభం ఎక్కడా అని వెతుక్కుంటాను. అన్నీ ఒకేలా ఉంటాయి. రాజీ పడొద్దన్న మాట ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే ఆ రోజు నేను వదిలింది నలుగురు చూసే వైపు మాత్రమే. ప్రభుదాసు చూసే వైపు ఏమీ వదల్లేదు.