బడిలోంచి పెరికిన రాట్నం

పొల్లాచ్చి దారిలో, కొబ్బరితోపుల నడుమ ఉండే మా ఊరి సర్కారు బడిలో ఒక రాట్నం ఉండేది. పిల్లలు కూర్చుంటే గుండ్రంగా తిరిగేది. చేసింది మా నాన్న. ఆయనకు కోయంబత్తూరులో లేత్ వర్క్‌షాపు ఉండేది. ఒకటో తరగతిలో చేరిన నేను రోజూ గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నానని, పాత లారీ చక్రం హబ్బు ఒకటి తెచ్చి, దానికి ఇనుపగొట్టాలు అతికి, చుట్టూ పలకలు బిగించి, బడి ముంగిట్లో సిమెంటు పోసి పాతించాడు. ఏడుపు మానానా అంటే మానాను. సాయంత్రం ఇంటికి రమ్మన్నప్పుడు మొదలుపెట్టేదాన్ని.

అది కిర్రుమన్నదంటే నాన్న ఊరుకునేవాడు కాదు, ఆదివారమైనా సరే గ్రీజు డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు. "ఇంట్లో తలుపు మొత్తుకుంటా ఉండినా వినపడదు, పళ్ళికూడం రాట్నం మూలిగితే మాత్రం చెవులు లేస్తాయి ఈ మనిషికి" అని అమ్మ దెప్పేది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రాట్నం మీద కూర్చునేది మేము, తోసేది కాలనీ పిల్లలు. కాలనీ అంటే మా పొలాల్లో కూలికి వచ్చేవాళ్ళ వాడ, కాలువ దాటాక ఉంటుంది. వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మాలాగే ఎన్నో తరాల కిందట ఈ తమిళ సీమకు వచ్చినవాళ్ళే. అయితేనేం? పలక మీద ఎవరు కూర్చోవాలో ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, అందరికీ తెలుసు.

తర్వాత మావాళ్ళకు ఇంగ్లీషు చదువుల పిచ్చి పట్టింది. పొద్దున్నే పసుపుపచ్చ వ్యాన్లు వచ్చి ఒక్కొక్క ఇంటి పిల్లల్నీ ఎక్కించుకుపోయాయి. చివరికి బడిలో కాలనీ పిల్లలు మాత్రమే మిగిలారు, రాట్నమూ వాళ్ళకే మిగిలింది. కొందరు ఎక్కేవాళ్ళు, కొందరు తోసేవాళ్ళు, మళ్ళీ వీళ్ళు దిగి వాళ్ళు ఎక్కేవాళ్ళు. నాన్న ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం గ్రీజు వేస్తూనే వచ్చాడు. ఆయన పోయాక ఆ డబ్బా నేను తీసుకున్నాను.

మా తోపులో పనిచేసే ఆమెకు ఒక్కతే కూతురు, రెండో తరగతి. నేను డబ్బాతో వెళ్తే చాలు, పరుగెత్తుకొచ్చి పక్కన గొంతుక్కూర్చునేది. "ఆడ కాదమ్మా, ఈడ వెయ్యండి, ఈడ అరస్తా ఉండాది" అని నాకే పని చెప్పేది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా బడికి పోతానని మొండికేస్తుందని వాళ్ళమ్మ నాతో మొత్తుకునేది. చదువు మీద ప్రేమ అనుకునేరు! అంతా రాట్నం మీద ప్రేమే.

పోయిన వేసవిలో మా చిన్నాయన కన్ను దాని మీద పడింది. ఈయన నాన్న తమ్ముడు. మావాళ్ళ కల్యాణమండపానికి పెద్ద. మండపానికి కొత్త రంగులు వేయించాడు, ముందు తోట పెట్టించాడు. ఆ తోటలోకి రాట్నం కావాలన్నాడు.

"మా అన్న చేతిపని. ఆడ ఎండకూ వానకూ పాడైపోతా ఉండాది. మన మండపంలో ఉంటే మర్యాద."

"నాన్న పళ్ళికూడానికి ఇచ్చె చిన్నాయినా. పిల్లలు ఆడుకుంటా ఉండారు."

"అప్పుడు మన పిల్లలు చదివిరి, ఇచ్చె. ఇప్పుడు ఆడ ఎవరు చదువుతా ఉండారు? నువ్వే చెప్పు అమ్ముణీ."

అదీ సంగతి. అన్నేళ్ళు ఎండా వానా తగలని రాట్నానికి, కాలనీ పిల్లలు ఎక్కేసరికి తగిలాయన్నమాట! నా నోరు ఊరుకోలేదు, అన్నీ అనేశాను. ఆయన నవ్వి, కాఫీ తాగి వెళ్ళమన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పోతే, పాపం ఆమె తమిళంలో, "ఊరి పెద్దలతో నేనేం పోట్లాడనమ్మా, ఇంకా సర్వీసు ఉంది నాకు" అంది. సెలవుల్లోనే గ్యాస్ కట్టర్ పెట్టి కోసి, లారీలో వేసుకుపోయారు. బడి ముంగిట్లో సిమెంటు దిమ్మె ఒకటి మిగిలింది.

బడి తెరిచాక తోపులో కనబడి ఆ పిల్ల అడిగింది. "రాట్నం రిపేరుకు పోయిందంట కదమ్మా? టీచరు చెప్పె. యెప్పుడు వస్తాది?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. వెనక నుంచి వాళ్ళమ్మ చేతులు జోడించింది, వద్దన్నట్టు. మింగేశాను. ఆ పిల్ల మాత్రం కనబడినప్పుడల్లా అదే అడిగేది.

కార్తీకంలో మా చిన్నాయన మనవరాలి పెళ్ళి. అదే మండపం. రాట్నానికి ఎర్రరంగు, పసుపురంగు వేసి, పూలదండలు చుట్టారు. పట్టుపావడాల పిల్లలు ఎక్కి తిరుగుతున్నారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాన్న చేసిన వస్తువు కదా, తిరుగుతుంటే చూడాలని నాకూ ఉంది, ఏం చేయను?

తోపులో పనిచేసే ఆమె ఆరోజు ఎంగిలాకులు ఎత్తడానికి వచ్చింది. వెంట కూతురు. మండపం వెనక నుంచి బకెట్టుతో వచ్చిన ఆ పిల్ల రాట్నాన్ని చూసింది. బకెట్టు అక్కడే పడేసింది.

"అమ్మా! మన రాట్నం! బాగైపోయె! రంగు కూడా వేసిరి, చూడు!"

పరుగున వచ్చి ఖాళీ పలక మీద ఎక్కి కూర్చుంది. నా వైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఒక్క చుట్టు తిరిగిందేమో. మా మరదలు లేచి రాట్నాన్ని పట్టి ఆపి, తన కొడుకును చంకలోకి ఎత్తుకుంది. ఇంకొకామె తన కూతుర్ని రెక్క పట్టి దింపింది. చూస్తుండగానే మిగతా పలకలన్నీ ఖాళీ. ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది.

వాళ్ళమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, కూతుర్ని కిందికి లాగి చెంప మీద ఒక్కటి కొట్టింది. కొట్టింది కూతుర్ని, చూసింది చిన్నాయన వైపు. "తెలియక ఎక్కేసె అయ్యా. చిన్నది."

"పరవాలేదులే, చిన్నపిల్ల కదా, పావం" అన్నాడు ఆయన, దండిగా నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు ఎవర్ని మన్నించేది చిన్నాయినా?" అని అరిచాను. మేళం వాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. మా ఆడబిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పెళ్ళింట్లో ఏమి వదినా ఇది" అంది.

ఆ పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకుని, పెద్దమనిషి ఎవరో గ్రహించుకుని, తిన్నగా చిన్నాయన ముందుకెళ్ళి నిలబడింది.

"అయ్యా, బాగైపోయె కదా. మా పళ్ళికూడానికి యెప్పుడు పంపిస్తారు?"

చిన్నాయన ఆ పిల్ల మొహం చూడలేదు. తలెత్తి వాళ్ళమ్మతో అన్నాడు, "రెండో బంతి కూర్చోవాల. ఆకులెత్తితిరా, లేదా?"